జాడ తీసే బెల్లం, అన్నం పెట్టే అవ్వ

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి కూడా ఒకటి ఉందని ఎవరైనా అంటే వాళ్ళ మీద జాలిపడేదాన్ని. డిగ్రీ అయిపోయింది. ఆత్మకూరు బస్టాండు పక్కన ఒక సెల్‌ఫోన్ల అంగట్లో పని దొరికింది. ఆ పనిలో గిరాకీ తక్కువ, ఫోను చూసుకునే తీరిక ఎక్కువ. ఆ తీరికలోనే, ఎక్కడో పరాయి దేశపు ఎడారి కొండల్లో కుక్కల చేత మనుషుల జాడ తీయించే ఒక పెద్దాయన వీడియోలు నా కంటపడ్డాయి. చూస్తూ చూస్తూ ఉంటే ఆయన తిరిగే నేలకీ మా వైపు మర్రిపాడు మెట్టకీ తేడాయే కనిపించలేదు. అవే ఎర్రటి గులకరాళ్ళు, అవే ముళ్ళపొదలు, పొద్దెక్కితే పిట్ట కూడా బయటికి రాని అదే ఎండ. ఆయనకు ఉండి నాకు లేనిది ఒక్క కుక్క మాత్రమేనని తేల్చుకున్నాను. (ముప్ఫయ్యేళ్ళ అనుభవం కూడా లేదనే సంగతి అప్పట్లో నాకు పెద్ద అడ్డంకిగా తోచలేదు.)

నేను తేల్చుకున్న కొన్నాళ్ళకే నిజంగా కుక్క దొరికింది. నెల్లూరు అవతల ఒక కుక్కల శిక్షణ కేంద్రం ఉండేది. ఉదయగిరి కొండెక్కి దారి తప్పేవాళ్ళను, మెట్టల్లో మేకల వెంట పోయి ఇంటికి రాని ముసలివాళ్ళను వెతకడానికి వాళ్ళు కుక్కలను తయారు చేసేవాళ్ళు. అయితే సముద్రం ఒడ్డున మెత్తటి ఇసుకలో చదువుకున్న ఆ కుక్కలు, మా రాళ్ళ మీదకి వచ్చేసరికి ముక్కు పైకెత్తి నిలబడిపోయేవి. అందుకని ఈ నేల మీదే పెరిగే కుక్క, దాన్ని పెంచడానికి ఈ నేల మనిషి కావాలని వెతుకుతున్నారని మా అంగడికి వచ్చిన ఒకాయన చెప్పాడు. మర్నాడే నెల్లూరు బస్సెక్కాను. అక్కడ నన్ను ప్రశ్నలు అడిగిన పెద్దాయనకు, వీడియోల్లో విన్నదంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆయన మిలిటరీ పటాలంలో కుక్కల దగ్గర పనిచేసి వచ్చిన మనిషి, చెవుల దాకా మీసాలు. అంతా విని, "నోరు బాగానే ఉందమ్మా. ముక్కు సంగతి కుక్క చూసుకుంటుందిలే," అన్నాడు. దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకుని, బెల్లం రంగు కుక్కపిల్లను చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

షరతు మాత్రం గట్టిది. అది ఎదిగాక ఉదయగిరి కొండ కింద పరీక్ష పెడతారు. నెగ్గితే కుక్క నాదే, దాంతోపాటు నాకు ఉద్యోగం. తప్పితే దాన్ని తీసుకుపోయి సముద్రం పక్కన రొయ్యల గుంటలకు కాపలా పెడతారు. రొయ్యల గుంటల దగ్గర కుక్కల్ని నేను చూశాను. మెడకు గొలుసు, పగలంతా ఎండ, రాత్రంతా దోమలు. ఆ మాట విన్నప్పుడు నాకేమీ దిగులు కలగలేదు. తప్పితే గదా.

అనుమసముద్రంపేటకు కాస్త ఎడంగా, చెరువు కట్ట కింద మా ఇల్లు. కేంద్రం వాళ్ళు దాని మెడపట్టీ మీద ఏదో ఇంగ్లీషు పేరు రాసి పంపారుగానీ, మా అవ్వ దాని ఒంటిరంగు చూసి బెల్లం అని పిలిచింది. అది ఆ పేరుకే పలికింది. అవ్వంటే మా నాయన తల్లి, ఇంటికి పెద్ద దిక్కు. కేంద్రం వాళ్ళు ఇచ్చిన మూటలోంచి కుక్క మేత గుండ్లను దోసిట్లోకి తీసుకుని చూసి, "ఏంది మే ఇది, గులకరాళ్ళు పెడతారా నోరులేని దానికి? మన మెట్టలో లేవా రాళ్ళు?" అంది. నేను శాస్త్రం ప్రకారం చెప్పాను. ఆమె ఊఁ కొడుతూ విన్నది. అలా ఊఁ కొట్టిందంటే వినలేదని అర్థం. నేను అటు తిరగ్గానే ఉడకబెట్టిన చేపతలకాయ బెల్లం గిన్నెలో పడేది.

చేపలకు మా ఇంట్లో కొదవ లేదు. మా అమ్మ తమ్ముడు, నా మేనమామ, రోజూ చెరువులో వల వేసేవాడు. ఆయనే నా జాడ మనిషి కూడా. జాడ మనిషంటే పెద్ద విద్యేమీ కాదు. చీకటి విడవగానే మెట్ట మీద ఒక జెండా పాతి, అక్కడి నుంచి మలుపులు తిరుగుతూ నడిచిపోవాలి. దారిలో ఒక తోలుముక్క, ఒక గుడ్డపీలిక, ఒక చెక్కముక్క లాంటివి అక్కడక్కడా పడేసి, దూరంగా ఎక్కడో కూర్చోవాలి. కాసేపయ్యాక నేను కుక్కకు పొడుగాటి తాడు కట్టి జెండా దగ్గర వదులుతాను. అది మనిషి నడిచిన జాడ వాసన పట్టుకుపోయి, వస్తువు దొరికిన చోటల్లా తల ముందుకాళ్ళ మధ్య పెట్టుకుని పడుకోవాలి. మామకు తెల్లారే వల పని పడిన రోజు చుట్టుపక్కల వాళ్ళు ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. రమ్మని నేను ఎవరినీ బతిమాలుకోవలసిన పని లేకపోయింది. ఎందుకంటే మా ఇంటి పని మీద గడప దిగే మనిషిని ఖాళీ కడుపుతో పంపడం అవ్వ చేత కాదు. తెల్లారకముందే నట్టింట్లో పీట వేసేది. చద్దన్నం, దాని మీద మామిడికాయ ముక్కలు వేసి మునుపటి రోజు కాచిన చేపల పులుసు. పులుసు కాచిన రోజు కంటే మర్నాటికే రుచి అని మా వైపు పసిపిల్లల్నడిగినా చెబుతారు. మామ అయితే ఆ పులుసు తిన్న చేతిని గట్టిగా కడగడం పాపమనేవాడు. నీళ్ళు అలా చూపించి, పంచెకు తుడుచుకుని, ఒకసారి వేళ్ళు వాసన చూసుకుని, "ఇంక సాయంత్రం దాకా ఆకలెయ్యదు," అంటూ లేచేవాడు. నాకు మాత్రం పొద్దున్నే చద్దన్నం పడేది కాదు. టీ చుక్క తాగి బయల్దేరేదాన్ని. "నీది నాలిక కాదు మే, కాలిచెప్పు అట్ట," అని అవ్వ రోజూ దెప్పేది.

బెల్లం చేసిన పని చెబితే మీరు నమ్మరు. ఒక్క రోజన్నా ఒక్క వస్తువన్నా వదిలితే ఒట్టు. గాలి తోలినా, గొర్రెల మంద అడ్డంగా పోయినా, పొద్దెక్కి రాళ్ళు కాలిపోతున్నా, అది జెండా దగ్గర ఒకసారి ముక్కు ఆనించిందంటే చాలు, బండరాళ్ళ మీద కూడా తడబడకుండా పోయేది. నేను దానికి ఒకటే మాట నేర్పాను, "యాడ?" అని. ఆ మాట వినగానే దాని చెవులు నిలబడేవి. వీడియోల పెద్దాయన కుక్కలే మధ్యమధ్యలో తప్పుతుంటే మా బెల్లం తప్పడం లేదే అన్న సంగతి నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది. తట్టింది కూడా. ఆయన కంటే నేను బాగా నేర్పుతున్నానని తట్టింది. ఆత్మకూరు అంగట్లో, అనుమసముద్రంపేట టీకొట్లో, బస్సులో పక్క సీటు ఆమె దగ్గర కూడా కోతలు కోశాను. పరీక్ష ఇంకా జరగకముందే ఇద్దరు ముగ్గురు నన్ను "డాగ్ మేడం" అనడం మొదలుపెట్టారు. నేను వద్దనలేదు.

పరీక్ష రోజు రానే వచ్చింది. జాడ వెయ్యడానికి నెల్లూరు నుంచి వచ్చినాయన ముందు రాత్రే ఉదయగిరి చేరుకున్నాడు. నెత్తిన ఎప్పుడూ టోపీ ఉండేది కాబట్టి ఆయన నాకు టోపీ సారు. బెల్లం ఎన్నడూ చూడని మనిషి అయితేనే పరీక్ష సరిగ్గా జరుగుతుందని ఆయన్ని పంపారు. నెల్లూరులో నన్ను ప్రశ్నలడిగిన మీసాల సారే పరీక్ష చేసేది. ఆయన మాత్రం నన్నూ కుక్కనూ ఎక్కించుకోవడానికి జీపులో తెల్లవారుజామునే మా ఇంటికి వచ్చాడు. జీపు ఆగీ ఆగకముందే అవ్వ ఎదురెళ్ళింది. "ఏమీ వద్దమ్మా, టైమవుతుంది," అన్నాడాయన. "టైము యాడికి పోతుంది నాయనా, రేపు కూడా వస్తాది. నా మనవరాలి పని మీద వచ్చినావు, కాళీ కడుపుతో పోతే ఈ ఇంటికి మంచిదా?" అంది అవ్వ. పటాలంలో ఎన్ని చూసి వచ్చాడో గానీ, ఆయన ఆ మాటకు బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. పీట మీద కూర్చున్నాడు. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. మీసాలు తుడుచుకుంటూ జీపెక్కాడు. అంతా మంచి శకునమేననుకున్నాను.

ఉదయగిరి కొండ కింద, రాళ్ళవాలు మీద ఎర్రజెండా పాతి ఉంది. టోపీ సారు అంతకు ముందే జాడ వేసి వచ్చి, జీపు వెనక నీడలో రొట్టెముక్కలు అరటిపండుతో నములుతున్నాడు. నేను నడుము బిగించి, తాడు సవరించుకుని, బెల్లాన్ని జెండా దగ్గరికి నడిపించాను. మీసాల సారు నియమం ప్రకారం మా వెనకాల కొంచెం దూరంలో అట్టముక్క, పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. "యాడ?" అన్నాను. బెల్లం ముక్కు నేలకు ఆనించింది. ఒకసారి తుమ్మింది. తల పైకెత్తి గాలి పీల్చింది. తర్వాత గిరుక్కున వెనక్కి తిరిగి, నన్ను దాటుకుని, తిన్నగా మీసాల సారు దగ్గరికి పోయి, ఆయన బూట్ల ముందు తల ముందుకాళ్ళ మధ్య పెట్టుకుని పడుకుంది.

ఎంత చక్కగా పడుకుందంటే, పడుకోవడానికే పరీక్ష అయితే నూటికి నూరు వచ్చేవి. ఆయన పక్కకు జరిగాడు. అది లేచి మళ్ళీ వెళ్ళి ఆయన ముందే పడుకుంది. ఆయన ఒక తుమ్మచెట్టు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. అది చెట్టు చుట్టూ తిరిగి వెళ్ళి పడుకుని, చెప్పిన పని చేశానన్నట్టు నా వైపు చూసింది. నేను తాడు లాగాను, బతిమాలాను, మళ్ళీ జెండా దగ్గర్నుంచి మొదలుపెట్టాను. చివరికి మీసాల సారు పెన్ను జేబులో పెట్టుకుని, "సరేనమ్మా, మీ కుక్కకు నేను దొరికినాను. పోయిన మనిషి సంగతేంది మరి?" అన్నాడు. టోపీ సారు అరటితొక్క పట్టుకుని నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. ఎండ చల్లబడ్డాక ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడు మీసాల సారు. అదీ పోతే సాయంత్రం జీపులో బెల్లం వాళ్ళతోనే పోతుంది.

అప్పుడు నా పొగరు దిగిపోయింది. జీపు నీడలో కూర్చుని బెల్లాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను. దానికి ఏ దిగులూ లేదు, నా చెయ్యి నాకుతోంది. మెడకు గొలుసుతో అది రొయ్యల గుంట గట్టు మీద నిలబడినట్టు కళ్ళముందు ఆడింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. డాగ్ మేడం అలా ముక్కు చీదుకుంటూ ఉండగానే మధ్యాహ్నం బస్సు దిగి అవ్వా, మామా వచ్చారు. పరీక్ష చూడ్డానికి కాదు, అందరికీ అన్నం తేవడానికి. మామ చేతిలో పెద్ద క్యారియరు. దాన్ని ఆయన బండరాయి మీద పెట్టాడో లేదో, బెల్లం నా ఒళ్ళోంచి దూకి వెళ్ళి, క్యారియరు ముందు తల ముందుకాళ్ళ మధ్య పెట్టుకుని పడుకుంది.

నేను క్యారియరు వంక చూశాను. బెల్లం వంక చూశాను. మీసాల సారు కుడిచేతి వంక చూశాను. అన్ని నెలలుగా మా మెట్ట మీద జాడ వేసిన ప్రతి మనిషీ మా నట్టింట్లో పులుసన్నం తిని, ఆ చేత్తోనే తోలుముక్కా గుడ్డపీలికా పడేశాడు. ఎడారి పెద్దాయన కంటే నేను గొప్పగా నేర్పిన విద్య ఇదన్నమాట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్కడ అవ్వ అప్పటికే ఆకులు పరిచేసింది. "రొట్టెముక్కలు తిని ఎండలో తిరుగుతాడంటనా ఈ బిడ్డ, పేగులు ఎండిపోవా? కూర్చో నాయనా," అని టోపీ సారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ బిడ్డకు నలభై దాటి ఉంటాయి. మొదటి ముద్దకే ఆయన టోపీ తీసి పక్కన పెట్టాడు.

ఆ చేత్తోనే ఆయన మళ్ళీ జాడ వేస్తాడు, ఊరుకుంటే పని జరిగిపోతుందని నాకు తెలుసు. ఊరుకోవాలనే ఉంది. కానీ రేపు నిజంగా ఒక ముసలాయన కొండ మీద తప్పిపోతే, ఆయన మా అవ్వ చేతి పులుసు తిని తప్పిపోడు గదా. ఆ మాట లోపల ముల్లులా తగులుకుంది. వెళ్ళి మీసాల సారు ముందు నిలబడి, "సార్, మా కుక్క మనిషిని వెతకడంల్యా. పులుసుని వెతుకుతుండాది," అన్నాను.

ఆయన ఆకులోంచి తల ఎత్తలేదు. "అది నాకు పొద్దున్నే తెలిసిందమ్మా. రెండోసారి వచ్చి పడుకున్నప్పుడు చెయ్యి వాసన చూసుకున్నా," అన్నాడు. ముక్కలోంచి ముల్లు తీసి పక్కన పెట్టి, "పులుసు బాగుండాది. దాని తప్పేముంది," అన్నాడు.

"మరి ఇంక పరీక్ష ఎందుకు సార్?"

"పెడతానన్నా, పెడతా. అవ్వా, ఇంకొంచెం పులుసు."

అన్నాలయ్యాక ఆయన టోపీ సారును పక్కకు తీసుకుపోయి ఏదో చెప్పాడు. జీపులోంచి ఏదో తీసి ఇచ్చాడు. తర్వాత అవ్వ దగ్గర నిమ్మకాయ అడిగి తీసుకుని, సబ్బుతో ఒకసారి, నిమ్మచెక్కతో ఒకసారి చెయ్యి తోముకున్నాడు. "అంత రుచిగా తిని అట్ట తోముతాడేంది?" అని మామ నొచ్చుకున్నాడు. క్యారియరుతో సహా మామను కొండగాలికి అవతల, దూరంగా, బస్సు రోడ్డు దగ్గర కూర్చోబెట్టారు. ఎందుకో ఆయనకు చెప్పలేదు.

ఎండ వాలాక జెండా దగ్గర నిలబడ్డాను. ఈసారి నడుము బిగించలేదు. నా భయం తాడు వెంట కుక్కకు తెలుస్తుందేమోనని తాడు వదులుగా పట్టుకున్నాను. "యాడ?" అన్నాను. బెల్లం ముక్కు నేలకు దించింది, బయల్దేరింది. రాళ్ళవాలు మీద తోలుముక్క దగ్గర పడుకుంది. మలుపు తిరిగి గుడ్డపీలిక దగ్గర పడుకుంది. బ్రహ్మజెముడు పొద పక్కన చెక్కముక్క దగ్గర పడుకుంది. నాకు సంతోషం లేదు. పులుసు చెయ్యి పనిచేస్తోందని తెలుసు. ఇంక ఒక్కటే మిగిలింది. చెక్కముక్క దాటి కొంత దూరం పోయాక బెల్లం ఆగిపోయింది. తల ఎత్తి గాలి పీల్చింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. మీసాల సారు వైపు చూసింది. ఆ చేతిలో నిమ్మకాయ వాసన తప్ప ఏమీ లేదు. తర్వాత నా వైపు చూసింది.

దానికి నేను దారి చూపించకూడదు. తాడు బిగించకూడదు. చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఒక్క మాటే. "యాడ?" అన్నాను. బెల్లం చెవులు నిలబడ్డాయి. ముక్కు మళ్ళీ నేలకు దించింది. ఈసారి మునుపటి పరుగు లేదు. రాయి రాయికీ ఆగుతూ, విరిగిన పుల్ల దగ్గర నిలబడుతూ, దుమ్ము పీల్చి తుమ్ముతూ, ఎండిపోయిన వాగు వంకలోకి దిగింది. వంక ఇసుకలో ఒక చుట్టు తిరిగి అవతలి గట్టెక్కింది. గట్టు మీద రేగుపొద కిందికి తల దూర్చి, అక్కడే పడుకుంది. నేను ముళ్ళు గీరుకుంటున్నా చూసుకోకుండా చెయ్యి పెట్టాను. తోలుతో కుట్టిన పాత తాళంచెవుల సంచి. వాసన చూశాను. పులుసు లేదు, తోలు వాసన తప్ప ఏమీ లేదు.

టోపీ సారు దూరంగా ఒక బండ మీద నుంచి లేచి చేతులు పైకెత్తి చూపించాడు. రెండు చేతులకూ కొత్త రబ్బరు తొడుగులు. ఆ సంచిని తొడుగులేసుకుని కొత్త కవరులోంచి తీసి పడేశాడట. మీసాల సారు నా దగ్గరికి వచ్చి, "మొదటి మూడూ మీ అవ్వ కనిపెట్టింది. నాలుగోది కుక్క కనిపెట్టింది. అన్నాళ్ళు పులుసు కోసం జాడ వెంట నడిచిందిగా, జాడ కూడా వచ్చేసింది దానికి. ఇంక నీదే, పెట్టుకో," అని తాడు నా చేతి చుట్టూ ఒక మెలి తిప్పి వెళ్ళిపోయాడు. నేను ఆ గట్టు మీదే కూలబడి బెల్లాన్ని కావలించుకుని మధ్యాహ్నం కంటే ఎక్కువ ఏడ్చాను. రోడ్డు మీద నుంచి మామ, "ఏమైంది మే, పోయిందా?" అని అరుస్తున్నాడు. నేను రోడ్డు దగ్గరికి చేరేసరికి అవ్వ మాత్రం క్యారియరు గిన్నెలు సర్దుకుంటూ, "అన్నం తిన్న మనిషిని కనిపెట్టడం గూడా ఒక పరీక్షేనంటనా," అంది.

మర్నాటి నుంచి మా మెట్ట మీద జాడ మనుషులు జాడ వేసొచ్చాకే అన్నం తినాలని నేను కట్టడి చేశాను. అవ్వ నాతో మూడు రోజులు మాట్లాడలేదు. తర్వాత బెల్లమూ నేనూ చాలా ఏళ్ళు తిరిగాం. కలువాయి గుట్టల్లో తప్పిపోయిన ఒక పెద్దామెను అది కనిపెట్టిన రోజున, ఆమె కొంగులో మరమరాలు తప్ప ఏమీ లేవు. పులుసు లేకుండానే దొరికింది. కానీ ఇంట్లో మాత్రం అది తన మొదటి విద్యను మర్చిపోలేదు. ఎవరు పులుసు తిని లేచినా పోయి వాళ్ళ కాళ్ళ దగ్గర తల ముందుకాళ్ళ మధ్య పెట్టుకుని పడుకునేది. చివరి ఏడాది కళ్ళు సరిగ్గా కనపడనప్పుడు కూడా తడుముకుంటూ వచ్చి పడుకునేది. ముందు అవ్వ పోయింది, ఆ తర్వాతి చలికాలానికి బెల్లం పోయింది.

ఇప్పుడు నేనే పరీక్షలు చేయడానికి వెళ్తున్నాను. సంచిలో ఒక నిమ్మకాయ ఉంటుంది. కుక్కను పెంచే ఇంట్లో అన్నం పెడతామంటే వద్దనను, తిని చెయ్యి తోముకుంటాను. అప్పట్లో పడని చద్దన్నం ఇప్పుడు బాగా పడుతోంది. ఇంటి దగ్గర పులుసు తిన్న పొద్దున మాత్రం నిమ్మకాయ జోలికి పోను. మామ లాగే నీళ్ళు అలా చూపించి, వేళ్ళు వాసన చూసుకుని, వాకిట్లోకి వచ్చి కాసేపు ఊరికే నిలబడతాను. "ఏంది మే, ఎవురి కోసం?" అని ముసలి మామ అరుగు మీద నుంచి అడుగుతాడు. ఏమీ లేదంటాను. నా కాళ్ళ దగ్గర నేల ఒకసారి చూసుకుని, నాకు నేనే నవ్వుకుని లోపలికి వెళ్తాను.